ఆర్మూరు పొయ్యిమీది రొట్టె

మన తెలుగు బైబిలులో "రొట్టె" అను మాట చదువునప్పుడు నేటి పిల్లల కన్నులకు బేకరీలో అమ్ము మెత్తని రొట్టె కనబడుచున్నది. ఆర్మూరు ప్రాంతపు పెద్దలకు మాత్రము పెనముమీది జొన్నరొట్టె జ్ఞాపకము వచ్చును. ఒకే ఇంటిలో ఒకే మాటకు రెండు అర్థములు ఎట్లు కలిగినవో ఈ చిన్న వ్యాసములో మనవి చేయదలచితిమి.

పిండిని పులియబెట్టక, కలిపిన వెంటనే కాల్చుకొను రొట్టె మిక్కిలి ప్రాచీనమైనది. ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచినప్పుడు ఆలస్యమునకు తావులేక పులియని పిండితోనే రొట్టెలు చేసికొనిరని నిర్గమకాండము 12వ అధ్యాయము తెలుపుచున్నది. ఆ ఆచారమేమని పిల్లలు అడుగుదురనియు, పెద్దలు చెప్పవలెననియు అక్కడనే యున్నది. 19వ శతాబ్దములో ఐర్లండు పేదలు వంటసోడాను పుల్లని మజ్జిగతో కలిపి పిండిని పొంగించుట నేర్చిరి. అక్కడి గోధుమలో జిగురు తక్కువ గనుక ఈస్టుతో చక్కగా పొంగదు. 1843లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున ఆల్ఫ్రెడ్ బర్డ్ అను మందుల వ్యాపారి, ఈస్టు సరిపడని తన భార్యకొరకు బేకింగ్ పౌడరు తయారుచేసెను.

మన జొన్నలో ఆ జిగురు బొత్తిగా లేదు. దానికి మన తల్లులు కనుగొనిన ఉపాయము వేడినీరు. మరుగునీటిలో పిండి పడగానే కొంత ఉడికి బంకగా మారును; ముద్ద విరిగిపోక చేతితో తట్టుటకు వీలగును. పెనముపై వేసి, పైభాగమును తడిగుడ్డతో తుడిచి, తిరుగవేసి కాల్చినచో లోపలి ఆవిరియే రొట్టెను పొంగించును. ఐర్లండు తల్లికి సోడా ఎట్లో, ఆర్మూరు తల్లికి వేడినీరు అట్లు.

ఈ రొట్టె మన పొయ్యిని విడిచినది ఒక్కనాడు కాదు. 1963లో పోచంపాడు ప్రాజెక్టుకు పునాది పడెను. అదే నేటి శ్రీరాంసాగర్. సాగునీరు పెరిగినకొలది వరి, పసుపు పెరిగినవి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చెను. ఆకలిగొన్న ఇండ్లకు అది గొప్ప మేలు. దానిని మేము తక్కువచేసి మాటలాడము. అయితే అన్నము పెరుగగా, రొట్టె పేదవాని తిండి అను పేరుతో వెనుకకు పోయెను. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతములలో నేటికిని ఎర్రజొన్న పండుచున్నది. కాని అది మన కంచములోనికి రాక, విత్తనముగా ఉత్తరాదికి పోయి పశువుల మేతకై విత్తబడుచున్నది.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా పాటించినది. ఇప్పుడు పట్టణములలో మధుమేహము గలవారు జొన్నరొట్టెను వెలపెట్టి కొనుచున్నారు. ధాన్యమునకు గౌరవము తిరిగి వచ్చినది. రొట్టె తట్టు నేర్పు మాత్రము అంగడిలో దొరకదు. అది అమ్మమ్మ చేతినుండి మనుమల చేతికి రావలసినదే.

కనుక సెలవు దినమున పిల్లలను పొయ్యిదగ్గర కూర్చుండబెట్టుకొనుడి. వేడినీరు, నిప్పు పెద్దల వంతు. తట్టుట పిల్లల వంతు. మొదట అరచేయంత బిల్ల చాలును. అంచులు పగిలినను గద్దింపవలదు; పగిలినచోట తడిచేతితో అద్దుట నేర్పుడి.

మరియొకనాడు సోడారొట్టె చేయవచ్చును. రెండు గ్లాసుల గోధుమపిండిలో అరచెంచా వంటసోడా, కొంచెము ఉప్పు వేసి, పుల్లని మజ్జిగతో మెత్తగా కలిపి, అర అంగుళము మందమున ఒత్తి, సన్నని సెగపై రెండువైపులా నిదానముగా కాల్చవలెను. అంతకుముందు మన ఊరి పసుపును చిటికెడు సోడానీటిలో కలిపి పిల్లలకు చూపుడి, అది ఎర్రబారును. మజ్జిగ పోయగా తిరిగి పచ్చబడును. పసుపు, సున్నము కలిసి కుంకుమ యగుటకు కారణమిదే. మజ్జిగ పులుపు సోడాతో కలియగా పుట్టు వాయువే రొట్టెను పొంగించునని అప్పుడు చెప్పిన పిల్లలు మరువరు.

ఇంటిలో జొన్నరొట్టె తట్టగల పెద్దలు ఇంకను ఉన్నారు. వారు ఉండగానే ఈ విద్యను నేర్చుకొనవలెనని, రొట్టె అను మాట పిల్లల చెవికి మన ఇంటి మాటగానే వినబడవలెనని మా కోరిక.