మూడు తూటాల కట్టుబాటు

వేటగాడి తుపాకిలో ఎన్ని తూటాలుండాలో చట్టం చెప్పవచ్చునా? అమెరికాలో 1935లో చెప్పారు.

ఒకప్పుడు ఆకాశాన్ని కమ్మేసిన పాసెంజర్ పావురాల్లో చిట్టచివరిది 1914లో సిన్సినాటి జంతు ప్రదర్శనశాలలో కన్నుమూసింది. వేటే ఆ జాతిని తుడిచిపెట్టింది. 1930 దశకంలో అనావృష్టికి చిత్తడి నేలలెండి అడవి బాతులూ తగ్గిపోయాయి. వరసగా ఐదారు తూటాలు పేల్చే తుపాకులు అప్పటికే వేటగాళ్ల చేతికొచ్చాయి. అందుకే వలసపక్షుల వేటలో షాట్‌గన్‌కు మూడు తూటాలే హద్దన్నారు.

ఉపాయం చిన్నదే. తూటాల గొట్టంలో ఒక అడ్డుపుల్ల పెడతారు. గొట్టంలో రెండు, పేలేచోట ఒకటి మాత్రమే పడతాయి. తుపాకి విప్పితే తప్ప ఆ పుల్ల ఊడిరాకూడదు.

తరువాత స్నో గూస్ అనే తెల్లబాతులు మితిమీరి పెరిగి, ఆర్కిటిక్ ప్రాంతపు గడ్డిని వేళ్లతో సహా పెకలించి తినసాగాయి. 1999లో వాటి మట్టుకు, ప్రత్యేక దినాల్లో, ఆ పుల్ల తీయనిచ్చారు. చూశారా, లెక్క తుపాకిది కాదు, పక్షిది!

పులికాట్ సరస్సుకు ఇటూ అటూ ఉన్న మనకైతే ఆ లెక్కే లేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం, తరువాతి సవరణలు కలిసి సరదా వేటనే నిషేధించాయి. పక్షులు మనల్ని నమ్మి వస్తున్నాయి. ఆ నమ్మకం నిలబెడదాం. సెలవు.