ఊరి పక్కన కృష్ణ, ఇంట్లో టిన్ను

ఈ వారం మంచినీళ్ల సంగతి చెప్పుకుందాం.

బెజవాడ దగ్గర కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ కాలువలు పంటకే అనుకుంటాం గానీ, డెల్టా ఊళ్లు తాగిందీ ఆ నీళ్లే. దివిసీమ వైపు బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్లు. అందుకే వేసవిలో కాలువ కట్టేసేలోపే మంచినీళ్ల చెరువు నింపుకునేవాళ్లు. అందులో గేదెను దింపితే మా పెద్దవాళ్లు ఊరుకునేవారు కాదు. బిందెలో పటిక తిప్పి, తేరాక వడకట్టి తాగేవాళ్లం.

తర్వాత కుళాయి, ఆ తర్వాత 20 లీటర్ల టిన్ను వచ్చాయి. మా ఇంట్లోనూ టిన్నేనండి, దాచను. కాలువల్లో మురుగు కలుస్తుంటే జనం భయపడ్డారు, తప్పుపట్టలేం. కానీ టిన్ను వచ్చాక చెరువును కనిపెట్టుకునే మనిషే లేకుండా పోయాడు.

2024 సెప్టెంబరు గుర్తుందా? బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం పడవల్లో, హెలికాప్టర్లలో సీసాలు రావాల్సి వచ్చింది.

టిన్ను మానెయ్యమని నేననను. ఈసారి ఊరెళ్లినప్పుడు మీ మంచినీళ్ల చెరువు ఎలా ఉందో చూసి రండి. ఉంటానండి.