వేలికి తెలిసే అంకెలు

ఓటింగ్ యంత్రం మీద నీలం బటన్ల పక్కనే ఉబ్బెత్తుగా కొన్ని చుక్కలుంటాయి. చూపున్నవాళ్లు వాటిని పెద్దగా పట్టించుకోరు. అవి బ్రెయిలీ అంకెలు. వాటిని మొదట పరీక్షించి చూసింది మన హైదరాబాద్‌లోనే, 2004లో ఆసిఫ్‌నగర్ అసెంబ్లీ ఉప ఎన్నికలో. తర్వాత నియోజకవర్గాల పునర్విభజనలో ఆసిఫ్‌నగర్ సీటే లేకుండా పోయింది.

అసలు యంత్రం పుట్టుకలోనూ హైదరాబాద్ చెయ్యి ఉంది. 1979లో నమూనా తయారుచేసింది ఇక్కడి ఈసీఐఎల్ సంస్థ. 1982లో కేరళలోని పరవూరులో 50 పోలింగ్ కేంద్రాల్లో వాడి చూశారు. చట్టంలో యంత్రం ఊసే లేదు కాబట్టి చెల్లదని 1984లో సుప్రీంకోర్టు తేల్చేసింది. చట్టం మార్చి, 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతటా యంత్రాలు పెట్టారు.

బ్రెయిలీ రాకముందు చూపులేని ఓటరుకు మాత్రం తోడు మనిషే దిక్కు. ఆ తోడుకు 18 ఏళ్లు నిండాలి, ఆ రోజు ఇంకెవరికీ తోడు వెళ్లకూడదు, ఓటు ఎవరికి పడిందో బయటపెట్టనని రాసివ్వాలి. నిబంధన పకడ్బందీగానే ఉంది. కానీ బటన్ నొక్కే వేలు పరాయిది. చెప్పిన గుర్తు మీదే నొక్కాడా అన్న అనుమానం ఓటరును ఇంటిదాకా వెంటాడుతుంది.

బ్రెయిలీ ఆ అనుమానాన్ని తీర్చింది. పోలింగ్ అధికారి దగ్గర అభ్యర్థుల పేర్లున్న బ్రెయిలీ నమూనా పత్రం ఉంటుంది. ఓటరు దాన్ని తడిమి, తనకు కావలసిన పేరు ఎన్నో నంబరో గుర్తుపెట్టుకుంటాడు. లోపలికి వెళ్లి ఆ అంకెను వేలితో వెతికి, పక్క బటన్ నొక్కుతాడు. బీప్ మోగుతుంది. అంతే.

2005లో బీహార్, జార్ఖండ్, హర్యానాల్లో ఒక్కో నియోజకవర్గం, 2006లో తమిళనాడు, కేరళ వంటి చోట్ల మరికొన్ని, ఇలా ఆచితూచి నడిచి 2009 లోక్‌సభ ఎన్నికల నాటికి ఈ చుక్కలు దేశమంతటికీ చేరాయి. బ్రెయిలీ చదవడం రానివారికి మాత్రం ఇప్పటికీ పాత పద్ధతే.

2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్‌లో వీవీప్యాట్ అనే చీటీ యంత్రం వచ్చింది. ఓటు ఎవరికి పడిందో చూపే చీటీ గాజు వెనక ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడిపోతుంది. బీప్ ఓటు పడిందని చెబుతుందేగానీ ఎవరికో చెప్పదు. ఆ చీటీ చదివి చెప్పాలంటే చూపులేని ఓటరుకు మళ్లీ తోడు మనిషే కావాలి.