గోదావరి డెల్టాలో చెట్టెక్కిన వైద్యులు

పెనుగొండ అనగానే శ్రోతలలో చాలామందికి వాసవీ కన్యకాపరమేశ్వరీ దేవాలయం జ్ఞప్తికి వస్తుంది. మాకు మాత్రం ఆ ఊరి పొలిమేరలో విన్న ఒక చప్పుడు ముందుగా స్ఫురిస్తుంది. రైతుల కార్యక్రమం కొరకు శబ్దగ్రహణ యంత్రంతో వెళ్ళిన మాకు కాలువ గట్టున నిలిచినంతసేపూ కొబ్బరి గెల నేలపై పడిన చప్పుడు, దాని వెనుకనే ఎండుకమ్మ జారిన చప్పుడు, ఆపైన ఎక్కడో కొమ్మలేని ఆ చెట్టు కొననుండి ఒక మనిషి దగ్గు వినవచ్చినవి. మనిషి కనబడలేదు. కమ్మల నడుమ ఆయన ఏమి చేయుచున్నాడో క్రిందివారికి తెలియదు. నేటి మా ప్రసంగం ఆ కనబడని పనిని గూర్చినది.

చెట్టుకు వైద్యం చేయుట అనునది ఇటీవల పత్రికలలో తరచుగా వినవచ్చుచున్న మాట. 2018లో మహబూబ్‌నగర్ వద్ద పిల్లలమఱ్ఱికి చెదలు పట్టగా, రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాలు వ్రేలాడదీసి మందు ఎక్కించినారు. 2024 ఆగస్టులో కొవ్వూరు దగ్గర కుమారదేవంలో, ఎన్నో చలనచిత్రాలలో కనిపించిన నిద్రగన్నేరు మహావృక్షం కూలినప్పుడు, దాని మొదలుకు మందులు పూసి చిగురింపజేసే ప్రయత్నం జరిగినది. ఇవి జనుల దృష్టిని ఆకర్షించిన చికిత్సలు. కాని గోదావరి డెల్టాలో ఇంతకు శతాబ్దం ముందే చెట్లకు పెద్ద ఎత్తున శస్త్రచికిత్స జరిగినది. అది వేలకొలది చెట్లపై, ఏండ్ల తరబడి సాగినది. దానిని చేసినవారు చెట్టెక్కి బ్రతికే మనుషులు.

ఈ విద్య మనకు పరాయిది కాదు. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే కేటాయించినాడు. రోగం తగిలిన భాగాన్ని ముందు శస్త్రంతో శుభ్రపరచి, వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపి పూసి, పాలు కలిపిన నీటితో తడుపవలెనని అందులో కలదు. పాశ్చాత్య దేశాలలో ఇది ఒక వృత్తిగా పేరు పొందినది చాలా తరువాత. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన జాన్ డేవీ 1901లో ‘చెట్టు వైద్యుడు’ అను అర్థం వచ్చే పేరుతో గ్రంథం ప్రకటించినాడు. తొఱ్ఱలు పడిన మానులను తొలిచి సిమెంటుతో పూడ్చుట ఆ కాలపు పద్ధతి. చెట్టు గాయం మన చర్మంవలె మానదని, చెడిన భాగాన్ని లోపల గోడ కట్టినట్లు వేరుచేసి దానిని దాటి పెరుగునని తరువాతి శాస్త్రజ్ఞులు గ్రహించినందున ఆ పూడ్పులు నేడు చాలవరకు మానివేసినారు.

అయితే మఱ్ఱికీ వేపకూ చెల్లిన మాట తాటికీ కొబ్బరికీ చెల్లదు. మఱ్ఱికి ఒక కొమ్మ పోయిన మరొక కొమ్మ వచ్చును. తాడిచెట్టుకు కొమ్మలు లేవు. దాని ప్రాణమంతా తల నడుమ, మట్టల పొరల లోపల దాగిన ఒకే ఒక మొవ్వులో ఉన్నది. మొవ్వు చెడినచో ముప్పది యేండ్ల చెట్టయినను మోడు కావలసినదే. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొన్న శ్రోతలకు తరువాతి కథ సులభంగా బోధపడును.

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం నాటికి గోదావరి, కృష్ణా జిల్లాల తాటితోపులలో ఒక వింత తెగులు వ్యాపించినది. పెనుగొండ ప్రాంతం ఉన్న పడమటి డెల్టా తాలూకాలు 1904 ఏర్పాటులో కృష్ణా జిల్లాకు చేరినవి. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడువరకు అట్లే ఉన్నవి. కావున ఆనాటి కాగితాలలో ‘కృష్ణా జిల్లా’ అన్నప్పుడు మన తణుకు, నరసాపురం, భీమవరం సీమలు కూడా అందులోనివే. తెగులు సోకిన తాటికి ముందు మట్టల మొదళ్ళపై మచ్చలు పడును. మచ్చ బయటి పొరనుండి లోపలి పొరకు, అక్కడినుండి ఇంకా లోపలికి దిగును. చివరకు మొవ్వు కుళ్ళి తల వ్రాలును. క్రింద నిలిచిన యజమానికి చెట్టు చెడినదని తెలియునప్పటికి చేయగలిగినదేమియు మిగులదు.

తాటితోపు పోవుటయనగా ఆనాటి పల్లెకు ఏమి పోవుట? ఇంటి కప్పుకు ఆకు, దూలానికి మాను, నీటిపై సాగుటకు దోనె, వేసవిలో ముంజలు, శీతకాలంలో తేగలు, విసనకర్ర, చాప, బుట్ట, తాటిబెల్లం అన్నియు పోవుటయే. గీతపనివారికి కూడే పోవుట. నాటిన తాడి గెల వేయుటకు పదునైదు ఇరువది యేండ్లు పట్టును. తండ్రి నాటినది కొడుకు గీయవలెను. అట్టి చెట్టు ఒక వానకాలంలో పోయినచో తిరిగి నిలుపుట ఒక తరానికి సాధ్యం కాదు.

ఈ తెగులును పరిశీలించుటకు వచ్చిన శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ జాన్ బట్లర్. ఐర్లండువాడు, చదువుచేత మనుషుల వైద్యుడు. 1901లో ప్రభుత్వోద్యోగియై ఇండియాకు వచ్చి, తరువాత బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాలయంలో పనిచేసినాడు. తాటి తెగుళ్ళపై 1906లో వ్రాసినాడు. మొవ్వును కుళ్ళబెట్టు సూక్ష్మజీవిని 1907లో వర్ణించి దానికి ‘పిథియం పామివోరం’ అని పేరిడినాడు. పామివోరం అనగా తాళజాతిని తినునది. 1919లో దానిని ఫైటాఫ్తొరా జాతికి మార్చినారు. నేటి శాస్త్రం దానిని అసలు శిలీంధ్రంగా కూడా లెక్కించదు. నీటి నాచులకు చుట్టమైన వేరొక వర్గంలో చేర్చినది. దాని బీజకణాలు పలుచని నీటిపొరలో ఈదగలవు. కనుకనే అది వానలలో విజృంభించును. కోకో కాయలను నల్లబరచి కుళ్ళించునదియు ఇదియే. నేడు కొబ్బరి నీడన కోకో పెంచుచున్న గోదావరి రైతులు ఈ పాత శత్రువునే కొత్త పంటపై ఎదుర్కొనుచున్నారు.

ఆనాడు ప్రభుత్వం చేయించిన చికిత్స కఠినమైనది. రోగం కనబడిన ప్రతి చెట్టు తల నరికి, క్రిందికి దించి, కాల్చివేయవలెను. మొవ్వులోని రోగం కాలిపోయినచో ప్రక్కచెట్టు దక్కునని ఆలోచన. ఒక అవయవాన్ని తీసివేసి దేహాన్ని కాపాడు శస్త్రవైద్యుని పద్ధతియే ఇది; ఇక్కడ దేహం ఒక చెట్టు కాదు, తోపు మొత్తం. మద్రాసు ప్రభుత్వపు శిలీంధ్ర శాస్త్రవేత్తగా పనిచేసిన విలియం మెక్రే ఈ చర్యల చరిత్రను 1923లో ప్రకటించినాడు. తెగులు తగ్గినది, నిర్మూలం కాలేదు. పంటల చీడపీడలను అరికట్టుటకు రైతులను నిర్బంధించగల చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం 1919లో చేసినది. ఇండియాలో ఆ విధమైన చట్టాలకు అది మొదటిది.

ఇప్పుడు మేము అడుగదలచిన ప్రశ్న ఒకటి. ఆ తలలు నరికినది ఎవరు? పరిశోధనాలయంలో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవారు తాడెక్కలేరు. తోపు యజమాని ఎక్కడు. నడుముకు మోకు చుట్టి, కాళ్ళకు బంధం తగిలించి, గీతకత్తితో అరువది డెబ్బది అడుగులు ఎగబ్రాకగలిగినవాడు ఊరిలో గీతపనివాడు ఒక్కడే. తాను గీచి బ్రతికే చెట్టు తలను తానే నరుకవలసిన పని అది. అదియు ఏ కాలంలో? తాటి గీత చలికాలం చివరనుండి వేసవివరకు నడచును. తెగులు వానలలో లేచును. మాను పాచిపట్టి జారుచున్నప్పుడు, మోకు తడిసి బిగుసుకొన్నప్పుడు, మట్టల రంపపు అంచులు కనబడక చేయి చీరుకొను వేళ, తల దగ్గర కుళ్ళు కంపులో ఒంటికాలి ఊతమీద నిలిచి కత్తి విసరవలెను. నరికిన తల ఒరిగినప్పుడు మాను ఒక్క ఊపు ఊగును. ఆ ఊపుకు నిలిచినవాడే క్రిందికి దిగును.

మరొక విశేషం చూడుడు. అప్పటి మద్రాసు ఆబ్కారీ విధానంలో చెట్టుపన్ను ఉండేది. కల్లు గీచు ప్రతి చెట్టుకు పన్ను కట్టవలెను. కట్టిన చెట్టుకు గుర్తు వేసెడివారు. చెట్టు లెక్కకు ఎక్కినది. తెగులు కలిగించు కంటికానరాని జీవికి లాటిను పేరు వచ్చినది. శాస్త్రజ్ఞుల పేర్లు గ్రంథాలపై నిలిచినవి. నిలువవలసినవే, వారి శ్రమ గొప్పది. మొవ్వు పొరలు విప్పి రోగాన్ని మొదట కంటితో చూచినవాని పేరు మాత్రం మాకు ఎక్కడను కనబడలేదు.

తరువాతి కాలం వారికి సుఖంగా గడచినదని చెప్పలేము. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలులోనికి వచ్చినప్పుడు గీత ఆగినది. కొందరు తాటిబెల్లం వండిరి. కొందరు కూలికి పోయిరి. డెల్టాలో కొబ్బరి పెరిగినకొలది చెట్టెక్కు విద్య దింపు కార్మికులకు జీవనాధారమైనది. కాయ కోయుట ఆ పనిలో సగమే. ఎక్కినవాడు ఎండుకమ్మలు తీసి మొవ్వు శుభ్రం చేయును. కొమ్ముపురుగు తొలిచిన రంధ్రంలో ఇనుప కొక్కెం దూర్చి పురుగును బయటకు లాగును. మొవ్వుకుళ్ళు తొలిదశలో ఉన్నచో కుళ్ళిన భాగాన్ని పూర్తిగా చెక్కివేసి, పది శాతం బోర్డో ముద్ద, అనగా లీటరు నీటికి నూరేసి గ్రాముల మైలుతుత్తం, సున్నం కలిపినది పూసి, కొత్త మొలక వచ్చువరకు వాననీరు దిగకుండ కప్పి ఉంచును. తల నరికి తగులబెట్టుట నుండి మొవ్వును బ్రతికించుటకు వైద్యం ఇంత దూరం వచ్చినది.

పెనుగొండలో ఆనాడు చెట్టు దిగివచ్చిన పెద్దమనిషికి అరువది దాటినవి. రొమ్మున, మోచేతుల లోపల మాను రాపిడికి తోలు కాయలు కాచినది. “పెద్దయ్యా, జబ్బు సంగతి క్రిందనుండి తెలియదా?” అని అడిగినాము. “తెలిసేసరికి అయిపోద్దండి బాబుగారూ. పైకెళ్ళి మొవ్వాకు చేత్తో పట్టుకు చూడాలండి. ఊడొచ్చిందంటే లోపల కుళ్ళేనండి” అన్నాడు. కొడుకులు ఈ పనికి వచ్చినారా అని అడిగితే, రానీయలేదని చెప్పినాడు. ఆయన అన్న ఒకడు చెట్టుపైనుండి పడి నడుము విరిగి, పదకొండేండ్లు మంచంమీద ఉండి పోయినాడట. ఆ మాట చెప్పునప్పుడు ఆయన మావైపు చూడలేదు. మోకు చుట్ట చుట్టుకొనుచుండెను.

ఈ భయం ఒక్క ఇంటిది కాదు. కేరళలో చెట్టెక్కువారు కరువైనందున కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో యువకులకు యంత్రంతో చెట్టెక్కు శిక్షణ మొదలుపెట్టినది. వారికి ప్రమాద బీమా కూడా ఏర్పరచినది. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో రక్షణ పరికరాలు పంచుట ఆరంభించినది. ఇట్టివి ప్రతి తోపుకు, ప్రతి ఊరికి చేరవలసియున్నది. చెట్టెక్కువాడు లేని ఊరిలో కాయ ఎట్లో రాలి నేలకు చేరును; మొవ్వును చూచువాడు మాత్రం ఉండడు.

పెరటిలో నాలుగు కొబ్బరిచెట్లు గల శ్రోతలకు మా మనవి ఒకటి. తొలకరికి ముందు దింపు కార్మికుని పిలిచినప్పుడు కాయల లెక్కతో సరిపెట్టుకొనవద్దు. మొవ్వు చూడుమని చెప్పి, ఆ పనికి వేరుగా కూలి ఇవ్వండి. మాను తడిగా ఉన్న దినాన ఎక్కుమని తొందరపెట్టవద్దు. దిగి వచ్చిన తరువాత చెట్టు సంగతి అడిగి వినండి. ఆయన పేరు కూడా అడిగి, మీ ఇంటి జమాఖర్చుల పుస్తకంలో కూలి ప్రక్కన వ్రాసికొనండి.