1962లో మన బాంబర్లు ఏం చేస్తున్నాయి?

మొన్న హిందూపురం వెళ్ళినప్పుడు, రైల్లో వస్తూ యలహంక దగ్గర చూసిన విమానం గురించి చెబుతుంటే మా పెద్దనాన్న ఒక మాటన్నారు. "చైనా యుద్ధంలో మన దగ్గర విమానాలు యాడుండాయిరా? అందుకే కదా వాళ్ళు కొట్టింది!" నేనూ చిన్నప్పట్నుంచీ అదే అనుకునేవాణ్ణి. తీరా కూర్చుని చదివితే కథ పూర్తిగా వేరు.

విమానాలున్నాయి. అవీ అల్లాటప్పావి కాదు, జెట్ బాంబర్లు. 1949లో తొలిసారి ఎగిరిన కాన్‌బెర్రా బ్రిటన్‌కి మొదటి జెట్ బాంబరు. మనం 1957 నుంచే వాటిని తెచ్చుకున్నాం. 1961 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి తరఫున కాంగోలోని కటాంగాలో దాడి చేసింది అవే. అదే నెల 18న గోవాలో దబోలిం రన్‌వే మీద బాంబులేసిందీ అవే. అంటే పైలట్లకి అనుభవం లేదనే సాకు కూడా లేదు.

పది నెలలు తిరిగేసరికి, 1962 అక్టోబరు 20న చైనా సైన్యం విరుచుకుపడింది. నవంబరు 21న కాల్పులు ఆపేదాకా నెల రోజుల యుద్ధంలో ఒక్క కాన్‌బెర్రా కూడా బాంబు వేయలేదు. అలాగని వాయుసేన చేతులు కట్టుకుని కూర్చోలేదు. డకోటాలు, పాకెట్లు కొండల్లో సరుకులు జారవిడిచాయి. ఏఎన్-12లు దాదాపు 14 వేల అడుగుల ఎత్తున ఉన్న చుషూల్‌లో ఏకంగా ట్యాంకుల్నే దించాయి. దాడికి మాత్రం అనుమతి రాలేదు.

ఎందుకు? ముఖ్యంగా భయం. మనం టిబెట్‌లో బాంబులేస్తే చైనా ఐఎల్-28 బాంబర్లు కలకత్తా మీదికొస్తాయని. రాత్రిపూట వాటిని అడ్డుకోగల రాడార్లు, ఫైటర్లు మనకి తక్కువ. ఇంటెలిజెన్స్ బ్యూరో అధిపతి మల్లిక్ అంచనాలు ఈ భయాన్ని పెంచాయి. అమెరికా రాయబారి గాల్‌బ్రెయిత్ కూడా వద్దనే సలహా ఇచ్చాడు.

ఈ భయాన్ని కొట్టిపారేయలేం. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ వేసిన కాసిని బాంబులకే తీరంలో జనం ఊళ్ళొదిలి పోయారు. ఆ తరం నాయకులకి అది చూసిన జ్ఞాపకం, పుస్తకంలో చదివింది కాదు.

కానీ అంచనా సరైనదేనా? ఇది ఇంజనీరింగ్ ప్రశ్న. నాలుగు వేల మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. రెక్కలకి లిఫ్టు తక్కువ, ఇంజనుకి థ్రస్టు తక్కువ. టిబెట్ నుంచి లేవాలంటే పొడవాటి రన్‌వే కావాలి, లేదా బాంబులో ఇంధనమో తగ్గించుకోవాలి. మన తేజ్‌పూర్ ఉన్నది మైదానంలో. పైగా 1960 నుంచీ రష్యాతో చెడి, చైనాకి విడిభాగాలకే కటకట.

అసలు బాధ కలిగించే విషయం ఇంకొకటుంది. మన 106 స్క్వాడ్రన్ కాన్‌బెర్రాలు టిబెట్ మీద ఎగిరి ఫోటోలు తీస్తూనే ఉన్నాయి. ఆ పని చేసిన జగ్ మోహన్ నాథ్ రెండుసార్లు మహావీర్ చక్ర అందుకున్నారు. అక్కడ చెప్పుకోదగ్గ వైమానిక బలం కనబడలేదని ఆయన తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. మన భాషలో చెప్పాలంటే లాగ్‌లన్నీ చేతిలో ఉన్నాయి. నిర్ణయం మాత్రం ఊహ మీద జరిగింది.

చివరికి నవంబరు 19న నెహ్రూ కెన్నెడీకి ఉత్తరాలు రాసి 12 స్క్వాడ్రన్ల ఫైటర్లు, 2 స్క్వాడ్రన్ల బి-47 బాంబర్లు అడిగారు. ఇంట్లో ఉన్న కత్తి ఒరలోనే ఉంది, పక్కింటికి కత్తి కోసం కబురెళ్ళింది!

వాడి ఉంటే గెలిచేవాళ్ళమా? అంత మాట నేననను. నమ్‌కా చూ లాంటి అడవి లోయలో, రెండు సైన్యాలూ అంత దగ్గరగా ఉన్నచోట బాంబరు చేయగలిగింది తక్కువే. కానీ లడఖ్‌లో చెట్టు లేదు, పుట్ట లేదు. టిబెట్ నుంచి వచ్చే సరఫరా దారులు బయటికే కనిపిస్తాయి. కనీసం శత్రువుకి ఆ ఆలోచనైనా పెట్టి ఉండేవాళ్ళం.

అవే కాన్‌బెర్రాలు 1965లో పెషావర్ దాకా వెళ్ళి బాంబులేసి వచ్చాయి. 2007లో రిటైరయ్యాయి. బెంగుళూరు హెచ్ఏఎల్ మ్యూజియంలో ఒకటుంది. ఈసారి పెద్దనాన్న వస్తే తీసుకెళ్ళి చూపించాలి. మనకి లేనిది విమానం కాదు పెద్దనాన్నా, ఉన్నదాని మీద నమ్మకం అని చెప్పాలి.