ఆంగ్లభాషలో గాయకుల పేర్లు

ఒక సమాజం తన గాయకులకు ఏ పీట వేసిందో తెలుసుకోవడానికి వారిని పిలిచిన పేర్లను పరిశీలించడం ఒక మార్గం. ఆంగ్లంలో నేడు 'సింగర్' అన్న సామాన్య పదమే విరివిగా వినబడుతుంది. దాని వెనుక మరుగునపడిన పదాలు అనేకం ఉన్నాయి.

ప్రాచీనాంగ్ల యుగంలో ఆస్థాన కవిగాయకుని 'షోప్' అనేవారు. క్రీ.శ. 1000 ప్రాంతపు వ్రాతప్రతిలో లభించిన 'బేవుల్ఫ్' కావ్యంలో, డేనుల రాజు హ్రోత్‌గార్ సభామందిరంలో షోప్ తంత్రీవాద్యం తోడుగా సృష్టిగాథను గానం చేస్తాడు. ఆ కొలువు గౌరవప్రదమైనదే కాని, స్థిరమైనది కాదు. 'డియోర్' అనే ప్రాచీన కవితలోని గాయకుడు తన స్థానాన్నీ, ప్రభువు ఇచ్చిన మాన్యాన్నీ మరొక గాయకునికి కోల్పోయి దుఃఖిస్తాడు. ఆ కాలపు మరొక పదం 'గ్లీమన్'. నేడు సంతోషమనే అర్థమిచ్చే 'గ్లీ' శబ్దానికి అప్పట్లో సంగీతం, వినోదం అనే అర్థాలు కూడా ఉండేవి.

'సాంగ్‌స్టర్' పదచరిత్ర మరింత ఆసక్తికరం. ప్రాచీనాంగ్లంలో 'స్టర్' స్త్రీవాచక ప్రత్యయం. నూలు వడికే స్త్రీ 'స్పిన్‌స్టర్' అయినట్లే, పాడే స్త్రీ 'సాంగ్‌స్టర్' అయింది. కాలక్రమాన ఈ ప్రత్యయంలోని స్త్రీత్వం లోపించి, పదం పురుషులకూ వర్తించింది. అప్పుడు గాయనిని వేరుగా చెప్పడానికి మరొక స్త్రీప్రత్యయం చేర్చి 'సాంగ్‌స్ట్రెస్' అన్నారు. మొదట తనదే అయిన పేరును ఆమె రెండవ ప్రత్యయంతో తిరిగి పొందవలసి వచ్చింది.

1066లో నార్మనులు ఇంగ్లాండును జయించిన తరువాత ఫ్రెంచి పదాలు వెల్లువెత్తాయి. వాటితో వచ్చినదే 'మిన్‌స్ట్రెల్'. దీని మూలం సేవకుడనే అర్థంగల లాటిన్ శబ్దం. 'మినిస్టర్' పదమూ ఆ కుదురుదే. ఒకే మూలం నుండి అమాత్యుడూ, గాయకుడూ జనించారు. 1306లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో యువరాజుకు వీరపట్టం కట్టిన ఉత్సవంలో పాల్గొన్న మిన్‌స్ట్రెళ్ళకు చెల్లించిన పారితోషికాల పట్టిక నేటికీ నిలిచి ఉంది.

అయితే ప్రభుపోషణ లేని గాయకుని స్థితి దయనీయంగా మారింది. 1572 నాటి శాసనం, ప్రభువుల ఆశ్రయం లేని మిన్‌స్ట్రెళ్ళను దేశదిమ్మరుల జాబితాలో చేర్చింది. కొరడా దెబ్బలు, కాల్చిన ఇనుముతో కుడిచెవికి రంధ్రం చేయడం ఆ నేరానికి శిక్షలు. అచ్చుయంత్రం వచ్చాక వీధులలో పాటల కాగితాలు అమ్ముతూ పాడేవారు కనిపించసాగారు. వారిని తేలికచేస్తూ 'బాలడ్‌మాంగర్' అన్నారు. పాటల బేరగాడని దాని భావం.

పట్టణాలలో మాత్రం 'వెయిట్స్' అనే వాద్యకారులకు స్థిరమైన జీవిక ఉండేది. కావలి కాయడమనే అర్థం నుండి ఆ పేరు వచ్చింది. రాత్రి గస్తీలో ఊదిన కొమ్ము క్రమంగా సంగీతమై, వారు పురపాలక వ్యవస్థ పోషించే వాద్యబృందాలుగా రూపొందారు. 1835 నాటి పురపాలక సంస్కరణతో ఆ కొలువు ముగిసినా, క్రిస్మస్ రాత్రులలో వీధి వీధినా పాడేవారికి ఆ పేరు మిగిలింది.

1765లో థామస్ పెర్సీ పురాతన గేయాల సంకలనాన్ని ప్రచురించాడు. 1805లో వాల్టర్ స్కాట్ చివరి మిన్‌స్ట్రెల్‌ను కథకునిగా చేసి కావ్యం రచించాడు. చెవులు కాల్పించుకున్న పేరుకు ఈ విధంగా కవితాశోభ అబ్బింది. కాని 1843లో అమెరికాలో ముఖాలకు మసి పూసుకున్న శ్వేతజాతీయులు నల్లజాతివారిని పరిహసించే ప్రదర్శనలకు ఆ పేరునే వాడుకున్నారు. ఆ కళంకం నేటికీ దానిని వదలలేదు.

పాట అంతటా ఆదరణ పొందింది. పాడినవాని గౌరవం మాత్రం పోషకుని చిత్తాన్ని బట్టి, చట్టాన్ని బట్టి మారుతూ వచ్చింది. ఆ హెచ్చుతగ్గులను రాజుల చరిత్రలకంటె ఈ పాతమాటలే నమ్మకంగా భద్రపరిచాయి.