బరంపురం బిడ్డ, రైలు కార్మికుల అండ

బరంపురంలో 1894 ఆగస్టు 10న జన్మించి, అచటి ఖల్లికోట కళాశాలలో చదివిన వరాహగిరి వెంకటగిరి గారిని మనము పిల్లలకు రాష్ట్రపతిగానే పరిచయం చేస్తున్నాము. అంతకు మునుపే ఆయన కార్మిక నాయకులు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులైనారు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాలు కోల్పోయినవారి పక్షాన అహింసాయుతంగా సమ్మె నడిపించగా యాజమాన్యం దిగివచ్చినది. కోరిక న్యాయమైనదైనా, అడిగే సంఘం లేకున్న వినేవారుండరు.

భాష విషయమూ అంతే. 1936 ఏప్రిల్ 1న గంజాం జిల్లాలో అధిక భాగం ఒరిస్సాలో చేరి, ఇక్కడి తెలుగువారు ఆ రాష్ట్రంలో అల్పసంఖ్యాకులైనారు. 1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350ఏ అధికరణం, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించుటకు రాష్ట్రములు ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. అయితే అధికరణం తనంత తాను బడికి నడిచి రాదు. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఒక్కటై అడిగి తెచ్చుకొనవలసినదే.